బజారు నుంచి పడకగది దాకా: ఒక బ్యాటరీ కథ

1

గద్వాల చరిత్ర రాయమంటే ఎవరైనా సోమనాద్రి కోట దగ్గర మొదలుపెడతారు. అక్కడినుంచి సంస్థానం, పండిత సభలు, ‘విద్వద్గద్వాల’ అన్న పేరు, చివర్లో జరీ చీరలు. వనపర్తి అంటే రాజావారి ప్యాలెస్. నాగర్‌కర్నూల్ అంటే నల్లమల, శ్రీశైలం పోయే అడవి దారి. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లాను విడగొట్టి ఈ మూడింటినీ వేరే జిల్లాలు చేసినప్పుడు నేను చదివిన పరిచయ వ్యాసాలన్నీ దాదాపు ఈ వరసలోనే నడిచాయి. తప్పేం లేదు. కోటలకి శాసనాలుంటాయి, రాజులకి వంశవృక్షాలుంటాయి. రాసేవాడికి పట్టుకోడానికి ఒక కొస దొరుకుతుంది.

నేను రాయాలనుకుంటున్న చోటుకి శాసనం లేదు. అది ఈ మూడు ఊళ్లలోనూ బస్టాండుకు దగ్గర్లోనో, పంక్చర్ షాపు పక్కనో ఉంటుంది. రేకుల కప్పు. చెక్క బల్ల మీద వరసగా నల్ల డబ్బాలు, వాటి నెత్తిన ఎర్ర క్లిప్పు ఒకటి, నల్ల క్లిప్పు ఒకటి. గోడకి పాత ఛార్జరు, దాని మీద ఆంపియర్లు చూపించే ముల్లు. దగ్గరికి వెళితే గొంతులో పుల్లగా గుచ్చుకునే వాసన. ట్రాక్టరు, ఆటో, మోటరు సైకిలు, మైకు సెట్టు, ఇన్వర్టరు: దేని బ్యాటరీ దిగిపోయినా అక్కడికే మోసుకుపోయేవాళ్లు. ‘ఇయ్యాల పెట్టిపో, రేపు మాపటికి తీస్కపో’ అన్న మాట విని వెనక్కొచ్చేవాళ్లు.

ఇప్పుడు ఆ పని ఇంట్లోకి వచ్చింది. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే అరచేతిలో పట్టే ఛార్జరు రెండు రోజుల్లో గుమ్మం ముందు ఉంటుంది. ఎలక్ట్రిక్ స్కూటర్ అయితే బ్యాటరీయే సూట్‌కేసులా పట్టుకుని మంచం పక్కకి తెచ్చుకోవచ్చు. పనైతే ఇల్లు చేరింది గానీ, ఆ పని గురించి కొట్టులో ఉండిన తెలివిడి వెంట రాలేదని నాకనిపిస్తోంది. దానివల్ల మనుషులు పోయారు కూడా. ఈ వ్యాసం ఆ తెలివిడి ఎక్కడ పుట్టింది, కొట్టులో ఏ రూపంలో ఉండేది, ఇంట్లోకి దాన్ని ఎట్లా తెచ్చుకోవాలి అన్న దాని గురించి.

2

మోటరు సైకిల్లో ఇవాళ్టికీ ఎక్కువగా ఉండే సీసం–ఆమ్లం బ్యాటరీ వయసు 160 ఏళ్లు దాటింది. 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచాయన రెండు సీసపు రేకుల్ని మధ్యలో గుడ్డ అడ్డం పెట్టి చుట్టగా చుట్టి, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో ముంచాడు. అంతకుముందు బ్యాటరీలు అయిపోతే అయిపోయినట్టే. దీన్ని వాడుకుని, మళ్లీ నింపుకోవచ్చు. కానీ దేనితో నింపాలి? అప్పటికి పనికొచ్చే డైనమోలు లేవు. ఒకసారికే పనికొచ్చే పాతరకం బ్యాటరీలతోనే ఈ కొత్త బ్యాటరీని నింపాల్సి వచ్చేది. అంటే బ్యాటరీ చరిత్రలో మొదటినుంచీ అసలు తంటా ఛార్జింగే. 1881లో కమీల్ ఫోర్ సీసపు పలకలకి సీసం ఆక్సైడ్ ముద్ద పూసే పద్ధతి కనిపెట్టాడు, అప్పటికి డైనమోలు కూడా వచ్చేశాయి. ఆ తర్వాతే బ్యాటరీ ప్రయోగశాల దాటింది.

లోపల జరిగేది చెప్పడం తేలికే. వాడుతున్నప్పుడు ఆమ్లంలోని సల్ఫేటు రెండు పలకల మీదికీ చేరి లెడ్ సల్ఫేట్ అవుతుంది. ఆమ్లం పలచబడుతుంది. ఛార్జింగ్ పెడితే ఇదంతా వెనక్కి తిరుగుతుంది: సల్ఫేటు మళ్లీ ద్రవంలోకి వచ్చి ఆమ్లం చిక్కబడుతుంది. హైడ్రోమీటర్ అనే గాజు గొట్టంతో కొట్టు మనిషి చూసేది ఈ చిక్కదనాన్నే. తిరగాల్సినదంతా తిరిగాక కూడా కరెంటు పోస్తూనే ఉంటే ఇక దానికి వేరే పని లేక నీళ్లని విడగొడుతుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలుగా పైకి వస్తాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం నుంచి 75 శాతం మధ్య ఎంత ఉన్నా నిప్పు తగిలితే అంటుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనకి తగిలే పుల్లటి వాసన బుడగలతో పాటు లేచే ఆమ్లపు తుంపరది.

అందుకే ఛార్జింగ్ అనేది మొదట్లో ఇంటి పని కాలేదు. 1920లు, 30లలో ఇంగ్లండులో కరెంటు లేని ఇళ్లల్లో వాల్వు రేడియోలు బ్యాటరీలతో నడిచేవి. వారానికోసారి గాజు డబ్బాలాంటి ఆ అక్యుములేటర్లని సైకిల్ షాపుకో గ్యారేజీకో మోసుకెళ్లి నింపించుకునేవాళ్లు. మన దేశంలో 1930లలో పల్లెటూళ్లలో అందరూ కూర్చుని వినే రేడియో పెట్టెలు పెట్టినప్పుడూ అదే తంతు. పెట్టె ఊళ్లోనే ఉంటుంది, బ్యాటరీ మాత్రం మార్చడానికి బండి మీద మనిషి రావాలి. 1912లో కాడిలాక్ కార్లలో సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. అప్పటినుంచి బండికి బ్యాటరీ తప్పనిసరైంది, బండి ఉన్న ప్రతి ఊళ్లోనూ బ్యాటరీ నింపేవాడు తప్పనిసరయ్యాడు. గద్వాల బజారులోని ఆ రేకుల కొట్టుకి బంధువులు ప్రపంచమంతా ఉన్నారన్నమాట.

3

హైదరాబాద్ నగరానికి కరెంటు ఇవ్వడానికి హుస్సేన్ సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం 1920లో వచ్చింది. ఆ వెలుగు కృష్ణ దాకా రావడానికి దశాబ్దాలు పట్టింది. స్తంభాలు వచ్చాక కూడా కరెంటు వచ్చిపోయే చుట్టంలానే ఉండేది. బ్యాటరీ కొట్టు బతికింది ఆ సందులోనే. పెళ్లి ఊరేగింపుకి మైకు సెట్టు కావాలన్నా, జాతరలో హరికథ నాలుగు వీధులకి వినపడాలన్నా, ఎలక్షన్లప్పుడు జీపు మీద గొంతు చించుకోవాలన్నా 12 వోల్టుల బ్యాటరీ ఉండాలి. 1987, 88 సంవత్సరాల్లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో రామాయణం వచ్చేటప్పుడు, కరెంటు పోతే ట్రాక్టరు బ్యాటరీ విప్పుకొచ్చి బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలించారన్న కథ మా వైపు పెద్దవాళ్లు ఎవరిని కదిలించినా చెబుతారు. టీవీ ఎవరిదో గుర్తుంటుంది, ట్రాక్టరు ఎవరిదో గుర్తుంటుంది. రాత్రంతా ఆ బ్యాటరీ నింపి పెట్టిన మనిషి పేరు అడిగితే ఆలోచిస్తారు.

నాకు తెలిసిన ఒక కొట్టాయన్ని అందరూ చాచా అనే పిలుస్తారు, నేనూ అంతే. ఆయన చొక్కాలన్నిటికీ పొట్ట దగ్గర సన్న సన్న చిల్లులు. వేళ్ల చివర్లు ఎప్పుడూ పొట్టు లేచి ఉంటాయి. ‘పానం పోసినట్టు నిదానంగ పొయ్యాలె బేటా. గుమ్మరిస్తివా, ఉడుకుతది’ అంటాడు. నేను ఇంజనీరింగ్ పుస్తకంలో చదివిన సూత్రాన్ని ఆయన ఈ మాటలో పెట్టేశాడు. బ్యాటరీ సామర్థ్యం ఎన్ని ఆంపియర్-అవర్లో, అందులో పదో వంతు ఆంపియర్లతో ఛార్జ్ చేయాలి. 80 ఉన్న ట్రాక్టరు బ్యాటరీకి 8 ఆంపియర్లు. 5 ఉన్న మోటరు సైకిలు బ్యాటరీకి అర ఆంపియరు. కొట్టులో బ్యాటరీలని ఒకదాని వెనక ఒకటి గొలుసులా కలుపుతారు. గొలుసంతటికీ ఒకే కరెంటు పారుతుంది. అందుకని చాచా బైకు బ్యాటరీల్ని ట్రాక్టరు బ్యాటరీల వరసలో ఎప్పుడూ పెట్టడు. వాటికి వేరే వరస, వేరే చిన్న ఛార్జరు. ‘చిన్న పోరనికి పెద్దోడి బువ్వ పెడ్తమా?’

కాస్త గమనించి చూస్తే ఆ కొట్టులో మూడు సంగతులు కనిపిస్తాయి. ఒకటి, గాలి. ముందు గోడే ఉండదు. రెండు, నిదానం. ‘రేపు రా’ అనడం బద్ధకం వల్ల కాదు, రసాయనం అడిగే టైమే అంత. మూడు, కాపలా. చాచా అన్నం తింటున్నా ఒక కన్ను మీటరు ముల్లు మీద ఉంటుంది. బుడగల చప్పుడు మారితే వినపడుతుంది. బీడీ తాగాలంటే రోడ్డు దాటి అవతలికి వెళ్లి తాగుతాడు. ఈ మూడూ ఎక్కడా రాసి పెట్టలేదు. గురువు చేస్తుంటే శిష్యుడు చూసి నేర్చుకున్నవి.

అంతమాత్రాన ఆ కొట్టుని బంగారం చేయక్కర్లేదు. చేతికి తొడుగు లేకుండా ఆమ్లం, సీసం ముట్టుకునే బతుకది. పాత బ్యాటరీల్ని పగలగొట్టి ఎక్కడబడితే అక్కడ సీసం కరిగించడం ఈ వ్యాపారం చీకటి వైపు. ఆ పొగ, ఆ దుమ్ము చుట్టుపక్కల పిల్లల రక్తంలోకి చేరుతాయి, మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తాయి. బ్యాటరీ వ్యర్థాల మీద కేంద్రం 2001లో ఒకసారి, మళ్లీ 2022 ఆగస్టులో ఇంకోసారి నిబంధనలు తెచ్చింది ఇందుకే.

4

ఇక మోటరు సైకిలు సంగతి. 1955లో మద్రాసులో బుల్లెట్లు తయారవడం మొదలైన దగ్గర్నుంచి రాజ్‌దూత్, జావా, యెజ్డీల కాలం దాకా మన బైకులకి 6 వోల్టుల బ్యాటరీలుండేవి. వాటి పని హారను, ఇండికేటరు, కాస్త లైటు. బ్యాటరీ చచ్చినా చాలా బళ్లు కిక్కు కొడితే కదిలేవి. లేకపోతే నలుగురు తోస్తే కదిలేవి. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక పల్లెటూళ్లలో కూడా బైకు మామూలైంది. నెమ్మదిగా 12 వోల్టులయ్యాయి, 2000 తర్వాత సెల్ఫ్ స్టార్టు మామూలైంది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకి పగలు కూడా హెడ్‌లైటు వెలుగుతూనే ఉండాలన్నారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ప్రమాణాలు రావడంతో కార్బురేటర్లు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. పెట్రోలు పంపుకి కరెంటు కావాలి, దాన్ని నడిపించే చిన్న కంప్యూటరుకీ కరెంటు కావాలి. కొన్ని మోడళ్లలో కిక్కు రాడ్డే తీసేశారు. 65 ఏళ్లలో బ్యాటరీ అలంకారం నుంచి ప్రాణం దాకా ఎదిగింది.

సరిగ్గా అదే నెలలో దేశమంతా ఇంట్లో కూర్చుంది. 2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌన్‌లో నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లు ల్యాప్‌టాపులు పట్టుకుని సొంతూళ్లకు చేరారు. బళ్లు నిలబడిపోయాయి. నడవని బండిలో బ్యాటరీ ఊరికే ఉండదు. తనంతట తనే కొంచెం కొంచెం దిగుతుంది, గడియారం, అలారం లాంటివి ఇంకాస్త తాగుతాయి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే మా వైపు ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. దిగిపోయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే లెడ్ సల్ఫేట్ గట్టి పెళ్లలుగా మారి ఇక కరగదు. కొట్లు మూసి ఉన్నాయి. ఛార్జింగ్ ఇంట్లోకి రావడానికి అంతకంటే మంచి ముహూర్తం దొరకదు. వచ్చింది, అక్కడే ఉండిపోయింది.

5

బైకు బ్యాటరీని ఇంట్లో ఛార్జ్ చేసుకోవచ్చా? చేసుకోవచ్చు. కొట్టులోని ఆ మూడింటినీ, గాలి, నిదానం, కాపలా, ఇంటికి తెచ్చుకోగలిగితే.

ముందు బ్యాటరీ పక్కన ఏం రాసుందో చదవాలి. 12 వోల్టులా, ఎన్ని ఆంపియర్-అవర్లు, నీళ్లు పోసే మూతలున్నాయా, మూసేసిన రకమా. ఇప్పటి బైకుల్లో ఎక్కువగా మూసేసిన వీఆర్ఎల్ఏ రకమే ఉంటుంది. వీటిలో వాయువులు లోపలే మళ్లీ నీళ్లుగా కలిసిపోతాయి. కానీ అతిగా ఛార్జ్ చేస్తే వీటి కవాటం కూడా తెరుచుకుని వాయువు బయటికి వస్తుంది. పోయిన నీళ్లని మళ్లీ పోయడానికి దారి ఉండదు. ‘సీలు’ అన్నారు కదా అని అల్మారాలో పెట్టి ఛార్జ్ చేయకూడదు.

బండిలోంచి విప్పేటప్పుడు ముందు నల్లది, అంటే మైనస్. బండి ఇనుమంతా మైనస్‌కే కలిసి ఉంటుంది. ఎర్రది ముందు విప్పబోతే పానా ఒక కొస టెర్మినల్‌కీ ఇంకో కొస ఇనుముకీ తగిలి నిప్పులు లేస్తాయి. నల్లది తీసేశాక అలా తగిలినా దారి పూర్తి కాదు. బిగించేటప్పుడు వరస తిరగబడుతుంది: ముందు ఎర్రది, తర్వాత నల్లది.

చోటు విషయానికొస్తే వసారా మేలు, లేదా తలుపులు తెరిచిన బాల్కనీ. వానా ఎండా నేరుగా తగలకూడదు. వంటగది వద్దు, దేవుడి దీపం ఉన్న గది వద్దు, మంచం ఉన్న గది అసలే వద్దు. కింద బండో గచ్చో ఉండాలి. పరుపు, సోఫా, చాప పనికిరావు.

ఛార్జరు దగ్గరే నిదానం సంగతి వస్తుంది. ద్విచక్ర వాహనాల కోసం చేసిన ఆటోమేటిక్ ఛార్జరు కావాలి. 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి అర ఆంపియరు, 9 ఉన్నదానికి సుమారు 0.9. పూర్తిగా దిగింది నిండడానికి 10 గంటల పైనే పడుతుంది. మామూలుగా అది వోల్టేజీని 14.4 దగ్గర ఆపి, నిండాక 13.5–13.8కి దించుకుంటుంది. కార్ల ఛార్జరు ఇచ్చే 5, 10 ఆంపియర్లు ఈ చిన్న డబ్బాని ఉడికిస్తాయి. ల్యాప్‌టాప్ ఛార్జరు 19 వోల్టులది, దానికి బ్యాటరీ నిండిందన్న సంగతే తెలీదు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఇంటి కరెంటుకి 100 వాట్ల బల్బునీ ఒక డయోడునీ వరసలో కలిపి బ్యాటరీ ఛార్జ్ చేసే పాత ఉపాయం ఒకటుంది, ఇప్పటికీ అక్కడక్కడా చెప్పుకుంటారు. లెక్కలో అది పనిచేస్తుంది: బల్బు అర ఆంపియరు కంటే ఎక్కువ పారనివ్వదు, డయోడు ఒక వైపే పోనిస్తుంది. కానీ మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ లేదు. అంటే బ్యాటరీ టెర్మినల్‌కీ వీధి స్తంభానికీ మధ్య అడ్డేమీ లేదు. పన్నెండు వోల్టులేగా అని ముట్టుకున్నవాడికి తగిలేది 230. ఆ పని ఎవరు చేస్తున్నా ఆపించాలి.

క్లిప్పులు రెండూ పెట్టాకే స్విచ్చు వేయాలి, ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి. తీసేటప్పుడు ముందు స్విచ్చు ఆపి, కాసేపాగి, తర్వాత క్లిప్పులు. కరెంటు పారుతుండగా క్లిప్పు లాగితే చిన్న మెరుపు పుడుతుంది. చుట్టూ హైడ్రోజన్ ఉంటే ఆ మెరుపే చాలు.

మిగిలింది కాపలా. రాత్రి పెట్టి పడుకోవడం కాదు, పగలు పెట్టి గంటకోసారి చూడటం. చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, డబ్బా ఉబ్బినా, కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా స్విచ్చు ఆపేసి దూరంగా ఉండాలి. నీళ్లు పోసే రకమైతే మూతల దగ్గర మొహం పెట్టి చూడొద్దు, కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఆవిరయ్యేది నీళ్లే గానీ ఆమ్లం కాదు కాబట్టి పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే. బోరు నీళ్లలో ఉప్పులుంటాయి, పలకలు చెడతాయి. పలకలు తేలి కనిపిస్తే తప్ప ఛార్జింగ్ అయ్యాకే నింపాలి. ఆమ్లం కింద పడితే వంటసోడా చల్లాలి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ, వెంటనే డాక్టరు దగ్గరికి.

చివరికి ఒక పరీక్ష. ఛార్జింగ్ ఆపి కొన్ని గంటలు వదిలేశాక మల్టీమీటరు పెట్టి చూస్తే 12.6 నుంచి 12.8 ఉండాలి. 12.4 అంటే ముప్పావు వంతు. 12 దగ్గర ఉంటే దాదాపు ఖాళీ. ఎంత ఛార్జ్ చేసినా 10.5 దగ్గరికే జారుతుంటే ఆరు సెల్లులలో ఒకటి పోయినట్టు. అప్పుడు బతికించే ప్రయత్నాలు మానేసి పాతది కొట్టులో ఇచ్చి కొత్తది తెచ్చుకోవాలి. ఆ పాతదానిలోని సీసం తిరిగి వాడకంలోకి వెళ్లే దారి అదొక్కటే, చెత్తబుట్ట కాదు.

6

పైన చెప్పిందంతా సీసపు బ్యాటరీకి. ఎలక్ట్రిక్ స్కూటర్లలో ఉండే లిథియం-అయాన్ బ్యాటరీ వేరే జాతి. తక్కువ బరువులో ఎక్కువ శక్తి దాచుకుంటుంది. లోపల ఒక సెల్లు దెబ్బతిని వేడెక్కితే ఆ వేడి పక్క సెల్లుకి, అది దాని పక్కదానికి అంటించుకుంటూ పోతుంది. మండటానికి కావాల్సిన ఆక్సిజన్ కొంత దాని లోపలే పుడుతుంది. దుప్పటి కప్పితే ఆరే మంట కాదది.

2022 ఏప్రిల్ 20 తెల్లవారుజామున నిజామాబాద్‌లో ఒక ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి 80 ఏళ్ల పెద్దాయన చనిపోయాడు. ఇంట్లోవాళ్లు నిద్రలో ఉన్నారు. సరిగ్గా మూడు రోజులకి, 23న, విజయవాడలో పడకగదిలో ఛార్జ్ అవుతున్న బ్యాటరీ పేలి ఇంటి యజమాని చనిపోయాడు, భార్యాపిల్లలకి కాలిన గాయాలయ్యాయి. ఆ స్కూటర్ కొత్తది. అదే ఏడు సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో లేచిన మంటల పొగ పైనున్న లాడ్జిలోకి పాకి 8 మంది పోయారు. కేంద్రం ఏఐఎస్-156 ప్రమాణాలని కఠినం చేసి 2022 డిసెంబరు 1 నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి ఇంకో విడత అమల్లోకి తెచ్చింది. తయారీలో లోపాల బాధ్యత తయారుచేసినవాళ్లదే, దాన్ని వాడేవాళ్ల మీదకి నెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ మొదటి రెండు సంఘటనలనీ పక్కపక్కన పెట్టి చూడండి. మూసిన గది, రాత్రి, నిద్ర. బ్యాటరీని తీసి ఇంట్లోకి తీసుకెళ్లొచ్చు అన్నది సౌకర్యంగా అమ్మిన విషయం. ఆ సౌకర్యం బ్యాటరీని ఎక్కడికి చేర్చిందో ఈ రెండు ఇళ్లు చెబుతాయి.

లిథియం దానికి నియమాలు కూడా ఆ మూడే, ఇంకాస్త కఠినంగా. దాని ఛార్జరుతో మాత్రమే, సీసపు బ్యాటరీ ఛార్జరుతో ఎప్పుడూ కాదు. బండి ఎండలో తిరిగొచ్చి వేడిగా ఉంటే చల్లారాక. బయటికి పోయే దారికి అడ్డంగా పెట్టకుండా, మనుషులు పడుకునే గదికి దూరంగా, మెలకువగా ఉన్నప్పుడే.

7

ఇళ్లలో సరే, బ్యాటరీల మధ్యే పనిచేసే నిపుణులున్న చోట ఇట్లాంటివి జరగవు కదా అనిపించవచ్చు. దానికి జవాబు ఈ మూడు జిల్లాల్లోనే ఉంది.

కృష్ణ మీద ఈ ప్రాంతంలో కట్టిన విద్యుత్ కేంద్రాల లెక్కలు పోటీ పరీక్షలకి చదివేవాళ్లకి నోటికొచ్చు. గద్వాల దగ్గర జూరాల, 39 మెగావాట్ల యూనిట్లు 6, మొత్తం 234. వనపర్తి జిల్లా ఆత్మకూరు వైపు దిగువ జూరాల, 240. నాగర్‌కర్నూల్ జిల్లా అడవిలో కొండ కింద సొరంగంలో శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం, 150వి 6, మొత్తం 900. ఆ జలాశయం కోసం 1981లో కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల్లో ఊళ్లకి ఊళ్లే ఖాళీ చేయించారు. ఇన్ని మెగావాట్లు పుట్టే చోట కూడా ఒక మూల గదిలో వరసలుగా బ్యాటరీలుంటాయి. బయట ఏం జరిగినా బ్రేకర్లు పడగొట్టడానికి, రక్షణ రిలేలు పనిచేయడానికి, అత్యవసర దీపాలు వెలగడానికి కావాల్సిన డీసీ కరెంటు వాటినుంచే వస్తుంది. కేంద్రం తన ప్రాణాన్ని పెట్టుకునేది ఆ బ్యాటరీల్లోనే.

2020 ఆగస్టు 20 రాత్రి పదిన్నర ప్రాంతంలో శ్రీశైలం భూగర్భ కేంద్రంలో మంటలు లేచాయి. సొరంగం పొగతో నిండిపోయింది. 9 మంది చనిపోయారు. అప్పుడు అక్కడ బ్యాటరీల మార్పిడి పని జరుగుతోందని, డీసీ సరఫరాలో తేడా వచ్చిందని వార్తల్లో చదివాం. చనిపోయినవాళ్లలో 7 మంది జెన్‌కో ఉద్యోగులు, ఇంజనీర్లతో సహా. మిగతా ఇద్దరు బ్యాటరీ కంపెనీ తరఫున ఆ పని మీద వచ్చినవాళ్లు.

ఆ ఇద్దరి గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. ఆనకట్ట చరిత్రలో మెగావాట్లుంటాయి, శంకుస్థాపన చేసినవాళ్ల పేర్లుంటాయి. బ్యాటరీ మార్చడానికి వచ్చిన మనిషికి చోటుండదు. రామాయణం నాటి టీవీ కథలో రాత్రంతా బ్యాటరీ నింపినవాడికి చోటు లేనట్టే. 900 మెగావాట్ల కొండ కింద కూడా బ్యాటరీ అడిగింది కొట్టులో అడిగినవే: పొగ పోయే దారి, తొందరలేని పని, ఒక వ్యవస్థని విప్పుతున్నప్పుడు దాని బదులు ఇంకొకటి కాపలా ఉండటం.

8

ఇప్పుడు భాష సంగతి. నా దగ్గరున్న ఛార్జరు మీద పదకొండు హెచ్చరికలున్నాయి. అన్నీ ఇంగ్లీషులో, భూతద్దం పెట్టి చదవాల్సిన అక్షరాల్లో. కొట్టులో తెలివిడి తెలుగూ ఉర్దూ కలిసిన పాలమూరు మాటలో ఉండేది, కాగితం మీద లేదు. ఛార్జరు పెట్టెలో తెలివిడి కాగితం మీద ఉంది, కొన్నవాళ్లలో చాలామందికి అందని భాషలో ఉంది. ఈ రెండింటికీ మధ్య ఖాళీలోనే బ్యాటరీ పడకగదిలోకి వెళ్లింది.

సంస్థానాల కాలంలో గద్వాల, వనపర్తి పండితులు తర్కానికీ వ్యాకరణానికీ పట్టిన శ్రద్ధ మనకి ఇప్పటికీ గొప్పగా చెప్పుకునే విషయం. 1959 నుంచి వనపర్తిలో రాజావారి ప్యాలెస్ పాలిటెక్నిక్ కాలేజీ. దర్బారు జరిగిన చోట ఇప్పుడు డిప్లొమా పిల్లలు సర్క్యూట్లు గీస్తారు. అక్కడ చదివే పిల్లలు ఒక ప్రాజెక్టుగా తీసుకుని చాచాల దగ్గర కూర్చుని వాళ్ల మాటల్ని రాసుకుంటే, ఒక పేజీ తెలుగు కరపత్రంగా వేసి ప్రతి బ్యాటరీ కొట్టులో, ప్రతి స్కూటర్ షోరూంలో గోడకి అతికిస్తే, అది ఆ ప్యాలెస్ చరిత్రలో చిన్న అధ్యాయమేమీ కాదు.

తొందర కూడా ఉంది. 2023 మేలో మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల భారీ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది, పెట్టుబడి 9,500 కోట్లన్నారు. కూలీలుగా దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టిన జిల్లాలో రేపు బ్యాటరీలు తయారవుతాయి. ఆ బ్యాటరీలు మన ఇళ్లకే వస్తాయి. వాటిని వసారాలో పెట్టాలా, మంచం పక్కన పెట్టాలా అన్నది ఎవరో ఒకరు మనకి అర్థమయ్యే మాటలో ముందే చెప్పాలి. చాచా కొట్టు ముందు నిలబడితే ఆయన అడగకుండానే చెబుతాడు. ఆయన కొడుకు ఆ కొట్టు నడపడం లేదు, హైదరాబాద్‌లో ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. ఎలక్ట్రిక్ స్కూటర్ మీద.